మెట్టపొలముల తంగేడు

నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మీరెఱుగనిది కాదు. మీ పొలిమేరలలో, కంచెలలో, చెఱువుకట్టలమీద, బండ్లబాటల ప్రక్కన మీరు ప్రతిదినమును చూచు తంగేడు పొదయే నా విషయము. ఎఱిగిన వస్తువును గూర్చి చెప్పుట ఎఱుగనిదానిని గూర్చి చెప్పుటకంటె కష్టము. వినువారు "ఇందులో నేమున్నది?" యని ముఖము త్రిప్పుకొందురు. అయినను సాహసించుచున్నాను. కారణమును ముందుగా విన్నవించెదను.

ఉద్యోగవిరతి పొందిన పిమ్మట నేను హైదరాబాదు నగరమున చిక్కడపల్లిలో కాపురముండుచున్నాను. ఉదయమున నడచుట వైద్యుడు నాకు విధించిన నియమము. ఇల్లు వెడలి, హుస్సేనుసాగరపు మిగులునీరు పాఱు కాలువమీద అశోక్‌నగరు వంతెనవఱకు పోయి, నారాయణగూడ మీదుగా మరల ఇల్లు చేరుదును. మొన్నటి భాద్రపద బహుళ అమావాస్యనాడు, అనగా ఎంగిలిపూల బతుకమ్మనాడు, నా మనుమరాలు నావెంట వచ్చెను. చిక్కడపల్లి అంగడికడ పూలమ్ముకొను స్త్రీలు వరుసగా కూర్చుండి యుండిరి. బంతి, చేమంతి రాసులు పోసి యున్నవి. గునుగు కట్టలున్నవి. తంగేడు మాత్రము నలుగురిలో నొకామెకడనే యున్నది. అదియును కొమ్మలతో గూడ విఱిచి తెచ్చిన చిన్న కట్టలు. వెల యడుగగా నామె చెప్పిన మాట విని నేను రెండవమాఱు అడిగితిని.

"ఏం చెయ్యాలె సారూ, నాలుగేండ్ల కింద మా ఊరి కంచెలనే తెంపుకొచ్చేదాన్ని. ఇప్పుడా కంచె మొత్తం ప్లాట్లు కొట్టిండ్రు. రెండూర్లు దాటిపోయి తెచ్చిన" అని ఆమె చెప్పెను.

నా మనుమరాలు పువ్వును చేతబట్టుకొని, "తాతా, ఈ పూలచెట్టు ఏదీ? చూపించవా?" అని యడిగెను. నేను దారిపొడుగున వెదకితిని. చిక్కడపల్లిలో కనబడలేదు. నారాయణగూడలో కనబడలేదు. అశోక్‌నగరు వంతెన క్రింద మురుగుకాలువ గట్టున ఆముదపు చెట్లును, సర్కారు తుమ్మయు నున్నవి గాని తంగేడు లేదు. తెలంగాణము ఏ పువ్వును 2014లో తన రాష్ట్రపుష్పముగా నెన్నుకొన్నదో, ఆ పువ్వు చెట్టును రాజధాని నడిబొడ్డున బిడ్డకు చూపలేకపోతిని. ఆనాటి సిగ్గే నేటి యీ ప్రసంగమునకు మూలము.

తంగేడు చిక్కుడు, కంది, చింత, తుమ్మ మొదలగు కాయజాతి కుటుంబమునకు జెందిన పొద. సామాన్యముగా నిలువెత్తు పెరుగును. నరకక విడిచినచో అంతకు మించియు పెరుగును. ఈనెకు ఇరువైపుల ఎనిమిది మొదలు పండ్రెండు జతల చిన్నయాకులుండును. ఆకుకాడ మొదట రెండు వైపుల చెవితమ్మెలవంటి పత్రములు రెండుండును. వానిని బట్టియే స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు 1753లో దీనికి చెవులుగలదను నర్థము వచ్చునట్లు 'కేసియా ఆరిక్యులేటా' యని పేరిడెను. గోదావరీ ప్రాంతమున సామర్లకోటలో 1781 మొదలు పండ్రెండేండ్లు వసించి, మన మొక్కలకు తెలుగు పేర్లనుగూడ శ్రద్ధతో వ్రాసికొన్న రాక్సుబరో దొర దీనిని 'సెన్నా' యను గణమున జేర్చెను. ఆయన మరణించిన తరువాత 1832లో ఆ గ్రంథము అచ్చయ్యెను. లోకము ఆయన మాటను చిరకాలము పాటింపలేదు. 1982లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఈ జాతినంతను మరల పరిశీలించి, సెన్నా గణమును వేఱుగ నిలిపిన పిదప సామర్లకోటలో పనిచేసిన యా దొరగారు పెట్టిన పేరే నేడు చెల్లుచున్నది.

సంస్కృత నిఘంటువులలో దీనికి ఆవర్తకి యను పేరును, చర్మరంగ యను పేరును గలవు. ఈ రెండవ పేరును గుర్తుంచుకొనుడు; మరల దీని పని పడును. తమిళులు ఆవారము, ఆవారై యందురు. మహారాష్ట్రులు తర్వడ్ అందురు. సింహళద్వీపమున దీని యెండుపూలతో కషాయము కాచి తేయాకునీటివలె త్రావుదురు. మన సీమతంగేడు, నేలతంగేడు అనునవి దీనికి జ్ఞాతులే గాని ఇది కావు. సీమతంగేడు వీథులయందు నీడకై నాటెడు పెద్ద వృక్షము. నేలతంగేడన సునాముఖి, విరేచనమునకై వాడెడు మందు. నగరములో ననేకులు సీమతంగేడును జూచి, "ఇదిగో తంగేడు" అని సంతోషింతురు. నేనును ఒకప్పుడట్లే సంతోషించిన వాడనే.

ఇక నీ పొద నివసించు తావును జూతము. ఎడారి యనగానే మనకు మార్వాడ దేశపు ఇసుకతిన్నెలు మనసున మెదలును. మన దక్కను పీఠభూమి యంతటి ఎడారి కాదు. కాని తడి దేశమును గాదు. హైదరాబాదున ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. అనంతపురమున 550 మిల్లీమీటర్లే. కురిసినదియు కుదురుగా కురియదు. నాలుగు పెద్దవానలలో సగము వచ్చి, నెలదినములు మొగము చాటువేయును. దానికి తోడు ఎఱ్ఱని చెల్కనేలలు, మొఱ్ఱము గుట్టలు, అడుగున బండ. ఈ నేలలో పడిన నీరు నిలువదు. నిలిచిన నీరు ఎండకు నిలువదు. ఇట్టి చోట తంగేడు ఏడాది పొడుగున పచ్చగా నుండును. చైత్రవైశాఖములలో గడ్డి పరకయు మిగులని దినములలో గుట్టప్రక్కన పచ్చగా నేదైన గానబడినచో నది తంగేడో, బలుసో యగును.

దీని గుట్టు నేలలోపల నున్నది. మొలక పైకి రెండాకులు వేయునప్పటికే తల్లివేరు లోతునకు దిగజొచ్చును. బండ సందున దూరి, అడుగున మిగిలిన చెమ్మను బట్టుకొనును. పైనున్న యాకు చిన్నది. కనుక ఎండకు కాగుటయు తక్కువ, చల్లారుటయు శీఘ్రము. ప్రొద్దు క్రుంకగానే చింతాకువలెనే ఈ యాకులును ముడుచుకొని నిదురించును. ఈ కేసియా జాతుల యాకుల నిద్దురను గూర్చి డార్విను మహాశయుడు 1880లో ప్రకటించిన గ్రంథమున పెక్కు పరీక్షలు వ్రాసి, రాత్రి చలికి ఆకు మితిమీరి చల్లబడకుండుటకై యిట్లు ముడుచుకొనునని యూహించెను. గింజయును తల్లి యోర్పునే పుణికిపుచ్చుకొన్నది. పైతొక్కు కఱకైనది, ఒక్క వానకే మోసపోయి మొలవదు. కొన్ని యీ యేడు, కొన్ని మఱుసటి యేడు మొలచును. కఱవు వచ్చి ఒక వరుస మొలకలు మాడినను, విత్తనము నేలలో మిగిలియే యుండును.

పువ్వు సంగతి చెప్పవలయును. ఇందు నేను చిరకాలము పొరబడితిని. పండితకుటుంబమున బుట్టి, కావ్యములు వల్లెవేసినవాడను గనుక, తుమ్మెద పువ్వుకడకు తేనెకై వచ్చునని నా గట్టి నమ్మకము. కవులందఱును అదే మాట చెప్పిరి. కాని తంగేడు పువ్వులో తేనె లేదు. బొట్టయినను లేదు! అయినను నల్లని గండుతుమ్మెద, మన యిండ్లలో వాసములను దూలములను తొలిచెడి యా బొద్దుతుమ్మెద, తెల్లవాఱగానే తంగేడుపై వ్రాలును. ఎందులకు?

మీరొక పువ్వును కోసి చేతబట్టి చూడుడు. అయిదు పసుపు రేకుల నడుమ పది కేసరములుండును. పైనున్న మూడును గొడ్డువి. వానిలో పుప్పొడి లేదు. నడుమనున్న నాలుగు పొట్టివి. క్రిందివి మూడు పొడవై కొడవలివలె వంగియుండును. తక్కిన పువ్వులలో పుప్పొడితిత్తి నిలువున పగిలి పొడి రాలును. తంగేడులో నట్లు కాదు. తిత్తి మూసియే యుండి, కొనయందు సూదిబెజ్జమంత రంధ్రముండును. ఉప్పుచిప్పకు మూతపెట్టి చిల్లు పొడిచినట్లు. ఊరక వ్రాలినంత మాత్రమున పొడి యూడిపడదు. గండుతుమ్మెద ఆ పొట్టి కేసరములను కాళ్లతోను నోటితోను గట్టిగ పట్టుకొని, ఱెక్కలు కదల్పకయే లోపలి కండరములను అదరించును. ఆ యదురునకు పుప్పొడి చిమ్మనగ్రోవినుండి వలె బయటికి చిమ్మును. పొదదగ్గఱ నిలిచి చెవియొగ్గినచో, ఎగురునప్పటి ఝంకారము వేఱు, పువ్వును పట్టుకొని చేయు సన్నని గీపెట్టుట వేఱుగ వినవచ్చును. పొట్టి కేసరముల పొడి తుమ్మెద తినుటకును, పిల్లలకై కొనిపోవుటకును. అదే సమయమున పొడుగు కేసరములనుండి చిమ్మిన పొడి దాని మేనికి, అది తుడుచుకొనలేని చోట, అంటుకొనును. ఆ పొడియే మఱియొక పువ్వు కీలాగ్రమునకు చేరును. కీలము ఒక పువ్వులో కుడికి వంగి యుండును, మఱియొక పువ్వులో ఎడమకు వంగి యుండును. కుడిప్రక్క నంటిన పొడి, ఎడమకు వంగిన పువ్వును జేరుటకే యీ యేర్పాటు. కూలి వేఱు, పని వేఱుగ నేర్పఱచిన మంచి యజమానివంటిది ఈ పువ్వు.

తేనెటీగ యీ విద్య నెఱుగదు. అది వచ్చినను రాలినదానిని ఏఱుకొనవలసినదే. కావున గండుతుమ్మెదయు, నీలిచారలు గల యడవియీగయు వంటివి లేనిచో తంగేడు పుప్పొడి పెట్టెలోనే యుండిపోవును. ఈ తుమ్మెదలకు ఎండుకొయ్యలో ఇల్లు కావలయును. పొలముగట్టున ఎండిన మోడునొకదానిని వంటచెఱకునకు కొట్టక విడిచినచో అందు తుమ్మెద కాపురముండును. మఱియొక మాట. వంకాయపువ్వు, టమాటాపువ్వు కూడ ఇట్టివే. వానిలోను పొడి రంధ్రమునుండియే వచ్చును, ఈ తుమ్మెదలే వచ్చి అదరించును. తోట ప్రక్కన నాలుగు తంగేడు పొదలున్నచో వంగ పూయని దినములలోను తుమ్మెదకు గ్రాసము దొరకి, ఆ ప్రాంతమును విడిచిపోదు. కూరగాయలు పండించువారు ఈ మాటను మనసున నుంచుకొనదగును.

ఆకుమీద బ్రదుకువారు వేఱు. లేతపచ్చయు తెలుపును కలసిన సీతాకోకచిలుకలు కొన్ని వానకాలమున గుంపులుగ నెగురుచుండును. వలసజాతి యని వానికి పేరు. అవి తంగేడు, రేల, సీమతంగేడు మొదలగువాని లేతచిగుళ్లపై గ్రుడ్లు పెట్టును. పచ్చని పురుగులు ఆకును తిని పెరుగును; పిట్టలు ఆ పురుగులను తిని పిల్లలను సాకును. ఈనెమీద ప్రతి యాకుజతనడుమ ఒక చిన్న గ్రంథి యుండును. చీమలు దానికడ చేరి తిరుగుచుండుటను మీరు చూచియే యుందురు. పొద మొదట చెవులపిల్లి పడుకొనును, కౌజులు దాగును. ఇవి వ్రాసికొనుచు పోయిన ఎంతయైన గలదు.

మేక ముట్టని యాకు అరుదు. అడ్డసరమువలె తంగేడును అట్టి యరుదైన వానిలో నొకటి. పసరము వాసన చూచి విడుచును. ఇందువలన రైతునకు, "మేతకు రానిది, ఎందుకీ పొద?" యను విసుగు గలుగుట సహజమే. కాని విడిచిన యాకు వలననే ఆ నేల నిలుచుచున్నది. వందల మేకలు తిరుగాడిన గుట్టపై మిగిలియుండునది తంగేడే. దాని చాటున గాలికి కొట్టుకొనివచ్చిన మట్టియాగును, రాలిన యాకు క్రుళ్లును, ఎండవేడిమి తగ్గును. ఆ చాటుననే వేప మొలక, రేగు మొలక, సీతాఫలపు మొలక మేక నోట పడక నాలుగేండ్లు గడిపి, తల యెత్తును. చంటిబిడ్డను కొంగుచాటున దాచిన దాదివలె ఈ పొద పనిచేయును. బోడిగుట్టపై తిన్నగా చెట్టు నాటి నీరుపోయుటకంటె, ఉన్న తంగేడు నీడను విత్తనము వేయుట సులువని అనుభవజ్ఞులు చెప్పుదురు.

ఇచ్చట నా తప్పునొకదానిని ఒప్పుకొనవలసియున్నది. నలువది యేండ్ల క్రిందట, పాలమూరు ప్రాంతమున నొక పల్లెలో క్రొత్తగా ఉపాధ్యాయుడనై చేరితిని. పై యధికారి తనిఖీకి వచ్చుచున్నాడని తెలిసి, పరిసరములు పరిశుభ్రము చేయింపబూనితిని. బడి ప్రక్కన నొక కుంట. దాని కట్టనిండ తంగేడు. చూచుటకు అడవివలె నున్నదని, పిల్లలచేత రెండుదినములలో వేళ్లతోకూడ పెఱికించితిని. కట్ట నున్నగా నయ్యెను. అధికారి మెచ్చుకొనెను. ఆ యూరి నీరడి మాత్రము వచ్చి, కట్టమీద నిలుచుండి, వేళ్లు పెఱికిన గుంటలను కాలితో తడవి చూచి, "సారూ, మంచిగ గొరిగిచ్చినవు. వానకు ఏం కప్పుతవు?" అని యడిగెను. నాకప్పుడర్థము కాలేదు. శ్రావణమున వచ్చిన నాలుగవ వానకు నీరు ఆ గుంటలగుండ ఇంకి, కట్ట నడుమ జాఱి, రాత్రికి రాత్రి గండి పడెను. క్రిందనున్న పది యెకరముల వరినాఱు ఇసుకపాలయ్యెను. ఎవ్వరును నన్ను నిందింపలేదు. పిల్లల తండ్రులే తట్టలు పట్టి గండి పూడ్చిరి. నీరడి ఆ యేడు వానలు వెలిసిన తరువాత తంగేడు కాయలు తెచ్చి, మఱుసటి యేడు తొలకరికి ఆ కట్టపై తానే చల్లెను. నేను బదిలీయై ఆ యూరు విడుచునాటికి మొలకలు మోకాలెత్తు వచ్చియుండెను.

తప్పు ఒకటే కాదు. కాయజాతి మొక్కలన్నియు వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులచే గాలిలోని నత్రజనిని బట్టి నేలకిచ్చునని నేను ముప్పదియేండ్లు తరగతిలో చెప్పితిని. తంగేడును ఉదాహరణముగ జూపితిని. వ్యవసాయశాఖలో పనిచేయు నా పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చి, వేరుసెనగ మొక్కను, తంగేడు పిల్లను ప్రక్కప్రక్కన పెఱికి నా యెదుట బెట్టెను. వేరుసెనగ వేళ్లకు ముత్యములవలె బుడిపెలున్నవి. తంగేడు వేళ్లు నున్నగానున్నవి. సెన్నా గణమునకు ఆ శక్తి లేదని యతడు వినయముతో చెప్పెను. శిష్యునివలన ఓడిపోవుట గురువునకు మేలని పెద్దలనిరి గనుక నేను సంతోషించితిని. కొంచెము చిన్నబోయిన మాటయు నిజమే. అట్లయిన తంగేడాకు ఎఱువుగ నెట్లు పనిచేయుచున్నది? లోతునందున్న సారమును వేరు పైకి తెచ్చి ఆకులో దాచును. ఆ యాకును మనము మడిలో త్రొక్కినచో, అడుగున మనకందని సారము పైమట్టికి వచ్చును. కొత్త సొమ్ము సంపాదించుట కాదు. పాతర త్రవ్వి యిచ్చుట. ఎట్లైనను ఇంటికి ధాన్యము వచ్చుచున్నది.

నాటునకు ముందు బురదమడిలో తంగేడు, కానుగ, జిల్లేడు రొట్టను త్రొక్కించుట మీ తాతల నాటినుండి యున్న పద్ధతియే. చౌడునేలలలో తంగేడు రొట్ట మఱింత మేలని వాడుక. రొట్ట మురుగునప్పుడు పుట్టెడి పులుపు చౌడు కారమును విఱుచును, మన్ను గుల్లబాఱి నీరు దిగును. కాని రొట్ట కోయునపుడు కొడవలి నేలకు జానెడు పైన పడవలయును. మోడు మిగిలినచో వానకు మరల చిగిర్చును. గడ్డపాఱ పట్టినచో అది చివరి కోత.

ఇక చర్మరంగ యను పేరు. తంగేడు చెక్కయందు నూటికి 15 మొదలు 20 పాళ్ల వఱకు వగరుపదార్థము గలదు. పచ్చితోలు రెండుదినములలో క్రుళ్లును. ఎండించిన బిఱ్ఱబిగిసి పగులును. ఈ వగరు తోలులోని మాంసపదార్థమును బట్టుకొని, దానిని నీటికి నానినను క్రుళ్లనిదిగను, మెత్తనిదిగను జేయును. మన యూళ్లలో మాదిగ సోదరులు తోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు గీకి, కడిగి, లందలో తంగేడుచెక్క నీటియందు వేసి, పిమ్మట సంచివలె కుట్టి, లోపల చెక్కపొడియు నీరును నింపి చెట్టునకు వ్రేలాడదీయుదురు. బొట్టుబొట్టుగా కాఱిన నీటిని మరల పైనుండి పోయుదురు. దినములు గడచిన కొలది తోలు పండును. ఆ తోలుతోనే చెప్పులు, ఆ తోలుతోనే పలుపులు, అన్నిటికంటె ముఖ్యముగ ఆ తోలుతోనే మోట బొక్కెన. విద్యుత్తు రాకపూర్వము మెట్టప్రాంతపు బావినుండి నీరు పైకి వచ్చినది ఎద్దుల బలమునను, తోలు మోటలోను గదా! ఆ తోలు నీటిలో పడి లేచుచు క్రుళ్లక నిలిచినది తంగేడు చెక్క వలన. నీరు లేనిచోట పెరిగిన పొద, నీరు తోడుటకు సాయపడినది. ఆ విద్య నెఱిగిన వారిని ఊరి వెలుపల నుంచి, వారి చేతిమోటతో ఊరిపైరు తడుపుకొన్న సంగతియు మనము మఱువరాదు.

చెన్నపట్టణపు పరగణాలలో పందొమ్మిదవ శతాబ్దిని తంగేడుచెక్కతో పదునుచేసిన తోళ్లు ఓడలమీద సీమకు పోయెడివి. ఇరువదవ శతాబ్దిని దక్షిణాఫ్రికానుండి మఱియొక జాతి తుమ్మచెక్క దిగుమతి యయ్యెను. క్రోమియపు లవణముతో పదునుచేయు పద్ధతియు వచ్చెను. తంగేడు చెక్క బేరము తగ్గెను. క్రోమియపు నీరు చేలలోనికి, బావులలోనికి వదలిన చోట్ల నేమగుచున్నదో తెలిసిన పిదప, నేడు మరల చెక్కలతో పదునుచేయుటను గూర్చి ఆలోచించుచున్నారు.

వైద్యమును గూర్చి యొక్కమాట మాత్రము. మధుమేహమునకు తంగేడుపూల కషాయము త్రాగుట మన వాడుకలోను, తమిళుల సిద్ధవైద్యములోను గలదు. వాడుక గలదు గనుక చెప్పితిని. వైద్యుడిచ్చిన మందును మాని దీనిని పట్టుకొనుడని చెప్పుట లేదు. నేనును ఆ వ్యాధి గలవాడనే, మందును మ్రింగుచునే యున్నాను.

బతుకమ్మను గూర్చి మీకు నేను చెప్పనేల? తొమ్మిది దినములు, అమావాస్య మొదలు దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ వఱకు, తాంబాళమున వరుసలు వరుసలుగ పేర్చు పువ్వులలో తంగేడు ముందు. ఒక సంగతి మాత్రము గమనింపుడు. గునుగు, తంగేడు, కట్ల వీనిలో నేదియు తోటలో పెంచినది కాదు. దున్నని నేల యిచ్చినవి. ఆ పండుగనాడు పల్లె స్త్రీలు పూలకై తిరిగినచో ఊరి బీళ్లు, కంచెలు, కట్టలు ఎట్లున్నవో తనిఖీ చేసినట్లే. పూలు నిండుగ దొరకిన యేడు ఊరి బంచరాయి బాగున్నదన్నమాట. ఇప్పుడు ఆ తనిఖీ అంగడిలో జరుగుచున్నది. ఈ పూలు చెఱువునీటిని శుద్ధిచేయునని కొందఱు సభలలో చెప్పుచున్నారు. చెఱువులో ముందు నీరుండవలయును.

తంగేడు తఱుగుటకు కారణములు మీ కన్నుల యెదుటనే యున్నవి. బీళ్లు ప్లాట్లగుట ఒకటి. రెండవది సర్కారు తుమ్మ. పరదేశపు చెట్టది, 1877 ప్రాంతమున కడప మండలములోని కమలాపురమున మనవారు దానిని వంటచెఱకునకై నాటిరి. వంటచెఱకు దొరకిన మాట నిజమే. కాని దాని కాయ పసరము తిని, పేడతో ఊరూర నాటెను. అది క్రమ్ముకొన్నచోట తంగేడునకు వెలుతురు లేదు, చెమ్మ లేదు. వయ్యారిభామ యను విషపుగడ్డి 1956 ప్రాంతమున పూనాలో కనబడి, నేడు ప్రతి బాటప్రక్కను నిండియున్నది. మూడవది మన చేయి. పండుగకు పువ్వుగుత్తి కోయుటకు మాఱుగ కొమ్మయే విఱిచి, అంగడివారు పొదనే పెఱికి తెచ్చినచో, ఆ యేడు విత్తనము లేదు, మఱుసటి యేడు పొద లేదు. కొనల గుత్తులు కోసి ప్రతి పొదపైన నాలుగు గుత్తులు కాయకట్టుటకు విడిచిన, పండుగకును లోటు లేదు, పొదకును లోటు లేదు.

పెంచుటకు శ్రమ లేదు. సంక్రాంతి నాటికి పలుచని కాగితమువంటి కాయలు ఎండి గలగలలాడును. ఒక్కొక్క దానిలో పండ్రెండు మొదలు ఇరువది గింజలుండును. కాగి దింపిన నీటిలో గింజలను వేసి, రాత్రియంతయు నాననిచ్చినచో కఱకుతొక్కు మెత్తబడును. మృగశిర వాన పడగానే ఉండవలసిన చోటనే గుంటకు రెండు మూడు గింజలు వేయవలయును. తల్లివేరు లోతునకు పోవునది గనుక, ఒకచోట పెంచి మఱియొకచోట నాటిన సగము చచ్చును. మొదటి యేడు గడ్డి మ్రింగకుండ చూచిన చాలును. కంచె యవసరము లేదు, మేకలే విడుచును.

మొన్న మార్గశిరమున ఆ పూలమ్ముకొను స్త్రీ మరల కనబడెను. పండుగనాడు నేను కాయలు తెచ్చిపెట్టుమని యడిగిన మాటను మఱువక, పాతచీర ముక్కలో మూటగట్టి దోసెడు కాయలు తెచ్చెను. పైకమియ్యబోగా, "కాయలకు పైసలేంది సారూ" అని పుచ్చుకొనలేదు. నా మనుమరాలు కాయలొలిచి గింజలను లెక్కపెట్టెను, నూట నలువదియాఱు. కొన్నిటిని మా మేడపై కుండీలలో వేసినది, నాకు నమ్మకము లేకున్నను. తక్కినవానిని కాగితపు పొట్లములో గట్టి, వేరుసెనగ మొక్క పెఱికి చూపిన నా విద్యార్థికి పంపితిని. ఒకప్పుడు నేను గొరిగించిన కుంటకట్టకడకు అతని యుద్యోగము ఈ యేడు మాఱినది. కట్టకు ఉత్తరపు కొనను ఖాళీ యున్నదనియు, తొలకరికి అచ్చట వేయింతుననియు జాబు వ్రాసినాడు.